అన్యభాషల ప్రార్థన

అన్యభాషలతో మాట్లాడటం అంటే, ప్రార్థనలో ఉన్న విశ్వాసి తాను ఎన్నడూ నేర్వని, తనకు గానీ పక్కవారికి గానీ అర్థం కాని పలుకులను ధారగా పలకడం. తెలుగు పెంతెకొస్తు సంఘాల్లో దీన్ని క్లుప్తంగా ‘భాషలు’ అంటారు. ‘ఆమెకు భాషలు వచ్చాయి’, ‘ఆయన భాషలతో ప్రార్థన చేస్తారు’ అన్న మాటలు అక్కడ రోజూ వినిపించేవే. అది పరిశుద్ధాత్మ ఇచ్చే కృపావరమని నమ్మేవారు ప్రపంచంలో కోట్లమంది. ఆ వరం అపొస్తలుల కాలంతోనే ముగిసిందని నమ్మే క్రైస్తవులూ కోట్లలోనే ఉన్నారు. ప్యూ పరిశోధన కేంద్రం 2011లో వేసిన అంచనా ప్రకారం పెంతెకొస్తు సంఘాలవారు 27.9 కోట్లు. ఇతర సంఘాల్లో ఉంటూనే ఆత్మవరాలను ఆచరించే కారిస్మాటిక్ విశ్వాసులు మరో 30.5 కోట్లు. వీళ్లందరూ భాషలతో ప్రార్థిస్తారనుకుంటే పొరపాటే. అదే సంస్థ 2006లో పది దేశాల్లో సర్వే జరిపితే, వాటిలో ఆరు దేశాల్లో పెంతెకొస్తు వారిలోనే నూటికి కనీసం నలభైమంది తాము ఎన్నడూ భాషలతో ప్రార్థించలేదని చెప్పారు.

బయటివారికి ఇది ఉన్నట్టుండి ముంచెత్తే ఉద్రేకంలా కనిపిస్తుంది. దగ్గరగా గమనిస్తే దానికొక నడక ఉంది. ఉపవాస ప్రార్థన రోజున ముందు పాటలు, డోలక్, కీబోర్డు. తర్వాత అందరినీ గొంతెత్తి ప్రార్థించమంటారు పాస్టరు గారు. ఎవరి అక్కరలు వారు తెలుగులోనే చెప్పుకుంటారు: బిడ్డ జ్వరం, తీరని అప్పు, రాని వీసా. కాసేపటికి వాక్యాలు కురచవుతాయి. ‘స్తోత్రం ప్రభువా, స్తోత్రం తండ్రీ’ అన్నది ఉత్త ‘స్తోత్రం, స్తోత్రం, స్తోత్రం’గా మారుతుంది. వేగం పెరుగుతుంది, ఊపిరి తీసుకునే చోట్లు ఒక లయకు వస్తాయి. ఆ లయలోనే కొందరి నోట తెలిసిన మాట జారిపోయి తెలియని పలుకు మొదలవుతుంది. అందులో ఒత్తులు తక్కువ. ఒక హల్లు, ఒక అచ్చు కలిసిన చిన్న అక్షరాలు జంటలు జంటలుగా, మళ్లీ మళ్లీ వస్తుంటాయి. గొంతు ఒక ఎత్తుకు చేరి నెమ్మదిగా దిగుతుంది. కొన్ని నిమిషాలకు అదే మనిషి ‘ఆమేన్’ అని కళ్లు తుడుచుకుని, పక్కామెను భోజనానికి లేవమంటుంది. అలవాటైనవారు దాన్ని కావాలనుకున్నప్పుడు మొదలుపెట్టగలరు, కావాలనుకున్నప్పుడు ఆపగలరు. వంట చేసుకుంటూ, కారు నడుపుతూ లోగొంతుకతో భాషల్లో ప్రార్థించుకునేవారున్నారు. స్పృహ తప్పితేనే భాషలు వస్తాయన్న మాట నిజం కాదు.

లేఖనాల్లో రెండు చోట్లు

ఈ ఆచారానికి ఆధారంగా విశ్వాసులు ప్రధానంగా కొత్త నిబంధనలోని రెండు చోట్లను చూపుతారు. ఆ రెండూ చెప్పేది ఒకే సంగతి కాదు. తర్వాతి వాదాలన్నీ పుట్టింది ఈ తేడాలోంచే.

మొదటిది అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం. పస్కా తర్వాత యాభయ్యో రోజున వచ్చే పెంతెకొస్తు పండుగకు దేశదేశాల యూదులు యెరూషలేములో గుమికూడి ఉన్నారు. యేసు శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చి, వారు ఇతర భాషల్లో మాట్లాడసాగారు. పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు, ఐగుప్తు, రోమా ప్రాంతాలవారు ఎవరి స్వభాషలో వారు ఆ మాటలు విని విస్తుపోయారు. ఇక్కడ పలికినవి నిజమైన మానవ భాషలు. విన్నవారికి అర్థమయ్యాయి, అనువాదకుడి అవసరం రాలేదు. బాబెలు గోపురం దగ్గర చెదిరిన భాషలు ఇక్కడ మళ్లీ కలిశాయని వేదాంతులు వ్యాఖ్యానిస్తారు.

రెండోది పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక, 12 నుంచి 14 అధ్యాయాలు. క్రీ.శ. 50ల మధ్యలో రాసిన ఈ ఉత్తరం కార్యముల గ్రంథం కంటే పాతది. కొరింథులో భాషలతో మాట్లాడేవారి మాట ఎవరికీ అర్థం కావడం లేదు. ఒకరిమీద ఒకరు గొంతు పెంచుకుంటున్నారు. వరం ఉన్నవారు లేనివారిని చిన్నచూపు చూస్తున్నారు. పౌలు దాన్ని నిషేధించలేదు. తనకూ ఆ వరం మెండుగా ఉందన్నాడు. కానీ పగ్గాలు వేశాడు. కూడికలో ఇద్దరు, మించితే ముగ్గురు, అదీ ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి. అర్థం చెప్పేవారు ఒకరుండాలి. లేకపోతే ఆ మనిషి సంఘంలో మౌనంగా ఉండి తనలో తాను దేవునితో మాట్లాడుకోవాలి. భాషలతో మాట్లాడేవాడు మనుషులతో కాక దేవునితో మాట్లాడతాడనీ, దానివల్ల బలపడేది అతడొక్కడేననీ వివరించాడు. సంఘమంతా బలపడాలంటే అందరికీ తెలిసే భాషలో చెప్పే ప్రవచనమే మేలన్నాడు. ప్రేమను గురించిన ప్రసిద్ధమైన పదమూడో అధ్యాయం సరిగ్గా ఈ గొడవ నడుమన రావడం గమనించదగ్గది. పెళ్లిళ్లలో చదివే ఆ అధ్యాయాన్ని పౌలు భాషల తగవు తీర్చడానికే రాశాడు.

కాబట్టి మొదటినుంచీ భాషలకు రెండు రూపాలు ఉన్నాయి. ఒకటి, ఇతర భాషలవారికి సువార్త చేర్చే అద్భుతం. రెండోది, మనిషి దేవునితో చేసుకునే, బుద్ధికి అందని ప్రార్థన. పెంతెకొస్తు ఉద్యమ చరిత్రంతా ఈ రెంటిలో మొదటిదాన్ని ఆశించి, రెండోదాని దగ్గర నిలదొక్కుకున్న చరిత్ర.

మరుగున పడి, మళ్లీ వచ్చి

నాలుగో శతాబ్దం చివరికి కొరింథు పత్రిక మీద ప్రసంగించిన యోహాను క్రిసోస్తం, అందులో చెప్పిన వరాలు తన కాలంలో కనబడకపోవడం వల్లే ఆ భాగం అర్థం చేసుకోవడం కష్టమైందని వాపోయాడు. అదే కాలపువాడైన అగస్టీను, సంఘమే అన్ని దేశాలకూ వ్యాపించి అన్ని భాషల్లో మాట్లాడుతోంది కనుక ఒక్కొక్క మనిషికి ఆ వరం ఇక అక్కర్లేదని సమాధానపడ్డాడు. ఆ తర్వాత వందల ఏళ్లపాటు ప్రధాన సంఘాల వైఖరి ఇంచుమించు ఇదే.

పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడక్కడా మళ్లీ వినిపించింది. 1830లో స్కాట్లండులో, ఆ వెంటనే లండన్‌లో ఎడ్వర్డ్ ఇర్వింగ్ సంఘంలో. దక్షిణ భారతంలో కూడా. 1860లో తిరునల్వేలి ప్రాంతంలో జాన్ క్రిస్టియన్ అరులప్పన్ నడిపిన ఉజ్జీవంలో విశ్వాసులు భాషలతో మాట్లాడారనీ, అర్థం చెప్పేవారూ ఉన్నారనీ ఆయనే రాసిపెట్టాడు. అమెరికాలో పెంతెకొస్తు ఉద్యమం పుట్టడానికి నాలుగు దశాబ్దాల ముందు మాట ఇది. అరులప్పన్ గురువు ఆంథనీ నోరిస్ గ్రోవ్స్. ఈ గ్రోవ్స్ 1836లో వెంటబెట్టుకొచ్చిన విలియం బౌడన్, జార్జ్ బీర్ దంపతులే నరసాపురంలో గోదావరి డెల్టా మిషన్‌ను మొదలుపెట్టారు. విచిత్రంగా, అదే వేరు నుంచి చిగురించిన గోదావరి బ్రదరన్ సంఘాల్లో అధికభాగం నేటికీ అన్యభాషలను ఒప్పుకోవు.

ఆధునిక ఉద్యమానికి మొదటి తేదీగా చెప్పేది 1901 జనవరి 1. కేన్సస్ రాష్ట్రం టొపీకాలో చార్లెస్ పార్హమ్ నడిపిన బైబిలు పాఠశాలలో ఆగ్నెస్ ఓజ్మన్ అనే విద్యార్థిని ప్రార్థనలో తెలియని భాష పలికింది. అది చైనా భాషేనని అక్కడివారు నమ్మారు. ఆత్మ బాప్తిస్మానికి భాషలే గుర్తు అన్న సిద్ధాంతాన్ని పార్హమ్ రూపొందించాడు. దానికి ఇంకో నమ్మకం జోడించాడు: దేవుడే భాషలు ఇస్తున్నాడు గనుక మిషనరీలు ఇకమీదట నిఘంటువులు, వ్యాకరణాలు ముందేసుకుని ఏళ్లు గడపనక్కరలేదు. ఆయన బోధ విన్న విలియం సేమోర్, బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతి తల్లిదండ్రుల కొడుకు, 1906 ఏప్రిల్‌లో లాస్ ఏంజలెస్‌లో ఆరాధనలు ఆరంభించాడు. అజుసా వీధిలోని పాత చర్చి భవనంలో నల్లవారు, తెల్లవారు, మెక్సికన్లు పక్కపక్కన మోకరించారు. చట్టమే మనుషులను రంగును బట్టి వేరుచేస్తున్న రోజులవి.

అజుసా వీధి నుంచి తొలిగా బయలుదేరిన మిషనరీల్లో ఆల్‌ఫ్రెడ్ గార్, లిలియన్ గార్ దంపతులు ఉన్నారు. తనకు బెంగాలీ భాష వరంగా వచ్చిందని ఆల్‌ఫ్రెడ్ నమ్మాడు. 1907 తొలినాళ్లకు వాళ్లు కలకత్తాలో ఉన్నారు. బెంగాలీలకు ఆయన మాట ఒక్కటీ అర్థం కాలేదు. అదే ఏడాది హాంకాంగ్ వెళ్తే అక్కడా అంతే, దుబాసీ సాయంతోనే బోధించాల్సి వచ్చింది. గార్ వెనక్కి తిరిగిపోలేదు, తన అనుభవం బూటకమని ఒప్పుకోనూ లేదు. భాషలు బోధించడానికి కావు, దేవుణ్ణి స్తుతించడానికి అన్న అవగాహనకు వచ్చాడు. నమ్మకం వాస్తవంతో ఢీకొన్నప్పుడు ఏమవుతుందో తెలుసుకోదలచినవారికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం. అన్యభాషల అర్థం కలకత్తాలో మారింది. లోక భాషగా వెళ్లింది ప్రార్థన భాషగా తిరిగివచ్చింది. నేటి పెంతెకొస్తు సంఘాలు భాషల గురించి చెప్పేది చాలావరకు ఈ రెండో మాటే.

అంతకుముందే పుణె దగ్గర కేడ్‌గావ్‌లో, పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషన్‌లో 1905లో గొప్ప ఉజ్జీవం మొదలైంది. అక్కడి బాలికలు భాషలతో ప్రార్థించిన వార్త 1906లో బయటికి వచ్చింది. ఆ సంగతులు గ్రంథస్థం చేసిన మిన్నీ ఏబ్రమ్స్ పుస్తకం చిలీ దేశం దాకా వెళ్లి అక్కడి పెంతెకొస్తు ఉద్యమానికి ప్రేరణ అయింది. ఉద్యమం పూర్తిగా అమెరికా సరుకన్న మాట ఈ ఒక్క ఉదాహరణతో వీగిపోతుంది.

ఎడిసన్ చుట్టుపక్కల

నేడు తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన న్యూజెర్సీ రాష్ట్రపు ఎడిసన్ పట్టణం పరిసరాల్లోనే భాషల మీద అమెరికాలో సాగిన పెద్ద వివాదాల్లో కొన్ని జరిగాయి. పెంతెకొస్తు ఉద్యమానికి ముందున్న పరిశుద్ధతా ఉద్యమం తొలి జాతీయ శిబిరకూటం 1867లో ఈ రాష్ట్రంలోని వైన్‌లాండ్‌లోనే జరిగింది. సముద్రపుటొడ్డున ఓషన్ గ్రోవ్ అనే ఊరు 1869లో పుట్టిందే ఇలాంటి కూటాల కోసం.

ఎడిసన్‌కు కారులో అరగంట దూరాన ఉన్న జారెఫత్‌కు 1908లో ఆల్మా వైట్ తన సంఘాన్ని తరలించింది. ఆ సంఘం పేరు పెంతెకొస్తు యూనియన్. పేరులో పెంతెకొస్తు ఉన్నా ఆమెకు అన్యభాషలంటే గిట్టదు. అవి దయ్యాల పని అని వాదిస్తూ 1910లో ఏకంగా ఒక పుస్తకమే ప్రచురించింది. ఆ వివాదం ఇంట్లోకే వచ్చింది. ఆమె భర్త కెంట్ వైట్ భాషలను దేవుని వరంగా అంగీకరించాడు. 1909లో ఇద్దరూ విడిపోయారు. తర్వాత కొన్నేళ్లకు ఆమె సంఘం పేరు మార్చుకుంది. నజరీన్ సంఘం కూడా భాషలవారితో తమను కలిపి చూడకూడదని 1919లో తన పేరులోంచి ‘పెంతెకొస్తు’ను తీసేసింది.

ఇదే న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్ నుంచి వచ్చిన అభ్యంతరం వేరే రకం. అక్కడి వేదాంత కళాశాలలో దశాబ్దాలపాటు బోధించిన బెంజమిన్ వార్‌ఫీల్డ్ 1918లో వెలువరించిన గ్రంథంలో, అద్భుత వరాలు అపొస్తలుల అధికారాన్ని రుజువు చేయడానికే ఇచ్చినవనీ, ఆ తరంతోనే వాటి పని పూర్తయిందనీ వాదించాడు. ఆల్మా వైట్ దయ్యాలను చూసినచోట వార్‌ఫీల్డ్ గడువు తీరిన వరాన్ని చూశాడు. తెలుగునాట భాషలను ఒప్పుకోని బోధకులు నేటికీ చెప్పే తర్కంలో ఎక్కువభాగం వార్‌ఫీల్డ్‌దే, ఆయన పేరు వినకపోయినా.

తెలుగు సంఘాల్లో

తెలుగు ప్రాంతంలో మొదట వేళ్లూనినవి బాప్టిస్టు, లూథరన్, ఆంగ్లికన్, బ్రదరన్ సంఘాలు. వీటిలో ఆరాధన క్రమం ప్రకారం సాగేది, భాషల ఊసు లేదు. పెంతెకొస్తు సందేశం 1930లలో కేరళ నుంచి వచ్చింది. పి.ఎం. శామ్యూల్ వంటి మలయాళీ బోధకులు గోదావరి, కృష్ణా జిల్లాల్లో తిరిగి సంఘాలు కట్టారు. కేరళలో పుట్టిన ఇండియన్ పెంతెకొస్తు దేవుని సంఘం 1935లో చట్టబద్ధంగా నమోదైంది ఏలూరులో. పి.ఎల్. పరంజ్యోతి వంటి తెలుగు నాయకులు ఆ సంఘాన్ని డెల్టా గ్రామాలకు తీసుకుపోయారు.

మరో పాయ పూర్తిగా తెలుగునేల మీదే పుట్టింది. రాజమహేంద్రవరం ప్రాంతానికి చెందిన లూథరన్ బోధకుడు ముంగమూరి దేవదాసు 1938లో బైబిలు మిషను స్థాపించారు. ఆ పేరు దేవుడే తనకు దర్శనంలో బంగారు అక్షరాలతో చూపాడని ఆయన చెప్పారు. విశ్వాసులు ‘అయ్యగారు’ అని పిలుచుకునే దేవదాసు 1960లో కన్నుమూశారు. గుంటూరు దగ్గర కాకానిలో ఏటా జనవరిలో జరిగే మహాసభలకు నేటికీ లక్షల్లో జనం వస్తారు. దర్శనాలు, కలలు, స్వస్థత, భాషలు, దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టడం ఈ సంఘ ఆచారాలు. కేరళ పాయ గొంతెత్తి ప్రార్థించమంటే, దేవదాసు పాయ ముందు గదిలో నిశ్శబ్దంగా కూర్చోమంది. తెలుగు క్రైస్తవంలో భాషలకు ఈ రెండు స్వభావాలూ ఉన్నాయన్నది బయట అంతగా తెలియదు.

భాషలను అంగీకరించే సంఘాల్లో కూడా వాటి అర్థం మీద ఏకాభిప్రాయం లేదు. ఆత్మ బాప్తిస్మం పొందినందుకు భాషలే తొలి బాహ్య సాక్ష్యమని అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ 1916లో తన విశ్వాస ప్రకటనలో రాసుకుంది. అనేక వరాల్లో ఇదొకటి, అందరికీ రానక్కరలేదు అంటారు కారిస్మాటిక్కులు. 1960లో కాలిఫోర్నియాలో ఎపిస్కోపల్ గురువు డెనిస్ బెనెట్, 1967లో పిట్స్‌బర్గ్‌లోని డ్యూకేన్ విశ్వవిద్యాలయ కాథలిక్కులు తమ అనుభవాన్ని చాటుకున్నాక ఈ రెండో అభిప్రాయం బాగా వ్యాపించింది. తేడా చిన్నదిగా కనబడుతుంది గానీ, బతుకులో దాని బరువు పెద్దది. భాషలే రుజువు అన్న సంఘంలో అవి రాని మనిషి ఏళ్ల తరబడి ‘కనిపెట్టు కూడిక’ల్లో కూర్చుంటుంది, తనలో ఏ పాపం అడ్డుపడుతోందో అని లోలోపల కుమిలిపోతుంది. ‘నాలుకను వదిలేయమ్మా’, ‘హల్లెలూయ వేగంగా అను’ అని చుట్టూ చేరి ప్రోత్సహించేవారుంటారు. వరాన్ని పరీక్షగా మార్చిన చోట ఇంతటి వేదన తప్పదు. కొరింథువారికి పౌలు అందరూ భాషలతో మాట్లాడతారా అని ప్రశ్న వేసింది, కాదన్న జవాబు ఆశించే.

ధ్వనిని బంధించి చూస్తే

అన్యభాషల మీద శాస్త్రీయ పరిశీలన సాధ్యం కావాలంటే ముందు మాటను పట్టి నిలపాలి. గాలిలో కలిసిపోయే పలుకును రెండోసారి వినలేకపోతే దాన్ని కొలిచేదెలా? మనిషి గొంతును పట్టి తిరిగి వినిపించిన తొలి యంత్రం, ఫోనోగ్రాఫ్, 1877లో మెన్లో పార్క్‌లో థామస్ ఎడిసన్ ప్రయోగశాలలో పుట్టింది. ఆ చోటు అప్పట్లో రారిటన్ టౌన్‌షిప్‌లో ఉండేది. 1954లో టౌన్‌షిప్పే ఆయన పేరు పెట్టుకుంది. ఫోనోగ్రాఫ్ వారసురాలైన టేపురికార్డరు చేతికొచ్చాకే భాషావేత్తలు ప్రార్థన కూటాల్లోకి అడుగుపెట్టారు.

వారిలో ముఖ్యుడు టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన విలియం సమరిన్. అమెరికా, కెనడా, ఇటలీ, హాలండ్, జమైకాల్లో ఐదేళ్లపాటు పరిశీలించి, 1972లో ఫలితాలు ప్రచురించాడు. భాష అనిపించుకోవాలంటే ధ్వనులు కలిసి మాటలు కావాలి, మాటలు కలిసి వాక్యాలు కావాలి. తెలుగు రానివారు కూడా గంటసేపు తెలుగు విని రాసుకుంటే చెట్టు, చెట్టుకు, చెట్టుమీద అన్నవాటిలో ‘చెట్టు’ మారకుండా ఉందని పసిగడతారు. అన్యభాషల రికార్డింగుల్లో అలా నిలిచే ముక్కలు సమరిన్‌కు కనిపించలేదు. అక్షరాలు పునరావృతమవుతాయి, కానీ ఫలానా అక్షరాల గుంపుకు ఫలానా సందర్భం అన్న ముడి లేదు. ధ్వనులు కూడా మాట్లాడే మనిషికి ముందే పరిచయమున్న భాషల్లోవే, అందులోనూ తేలికైనవి. మొత్తంగా అది మనిషి గొంతు కట్టుకునే క్రమబద్ధమైన ధ్వని వరుసే గానీ భాష కాదని ఆయన తేల్చాడు. అదే నోటితో ఇంకోటి తేల్చాడు: ఇది మతిభ్రమ కాదు, జబ్బు కాదు, మామూలు ఆరోగ్యవంతులు చేసే పని. ఆయన మొదటి మాటను ఎత్తిచూపేవారు రెండోదాన్ని వదిలేయడం న్యాయం కాదు.

అదే 1972లో ఫెలిసిటస్ గుడ్‌మన్ అనే మానవశాస్త్రవేత్త వేరే వివరణ ఇచ్చింది. మెక్సికో నగరంలో స్పానిష్ మాట్లాడేవారినీ, యుకాటన్‌లో మాయా భాష మాట్లాడేవారినీ రికార్డు చేసి చూస్తే, భాష ఏదైనా స్వరం ఎక్కి దిగే తీరు ఒకేలా ఉంది. దీనికి కారణం శరీరం ఒక ప్రత్యేక సమాధి స్థితిలోకి వెళ్లడమేనని ఆమె వాదన. సమరిన్ ఒప్పుకోలేదు, నింపాదిగా కూర్చుని భాషలతో ప్రార్థించేవారిని ఎందరినో చూశానన్నాడు. ప్రశాంతంగా ప్రార్థించేవారు ఇన్ని లక్షలమంది ఉన్నచోట సమరిన్ మాటే బలంగా కనిపిస్తుంది. గుడ్‌మన్ వర్ణించిన స్థితి కొందరికి, ముఖ్యంగా తొలిసారి భాషలు వచ్చినప్పుడు, నిజం కావచ్చు.

ఒట్టావాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో నికొలస్ స్పానోస్ బృందం 1986లో ఒక ప్రయోగం ప్రచురించింది. అరవైమందికి ఒక నిమిషం పాటు అన్యభాషల రికార్డింగు వినిపించి, అలా పలకమన్నారు. నూటికి ఇరవైమంది దాకా వెంటనే ధారాళంగా పలికారు. రెండు విడతల శిక్షణ ఇచ్చిన సగంమందిలో నూటికి డెబ్భైమంది పలికారు. అంటే ఆ ధ్వనులు పలకడానికి సమాధి స్థితి అక్కర్లేదు, నేర్చుకుంటే వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో చంద్రమతి పాత్రధారి రోజూ గుండె చెరువయ్యేలా ఏడుస్తుంది. ఏడుపును అభ్యాసంతో రప్పించవచ్చని దాన్నిబట్టి తెలుస్తుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏడుపు నటన అని మాత్రం తెలియదు. స్పానోస్ చూపింది గొంతు చేయగల పనిని. మోకరించిన మనిషి ఆ గొంతును ఎందుకు అలా వదులుతోందో ఆ ప్రయోగం అడగలేదు.

ఫిలడెల్ఫియాలో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ న్యూబర్గ్ బృందం మెదడు లోపలికి చూసే ప్రయత్నం చేసింది. 2006లో ప్రచురించిన ఆ పరిశోధనలో పాల్గొన్నది అయిదుగురు స్త్రీలు, అందరూ ఏళ్లుగా భాషలతో ప్రార్థిస్తున్నవారే. వారు ఒకసారి భక్తిపాటలు పాడుతున్నప్పుడు, ఒకసారి భాషలతో ప్రార్థిస్తున్నప్పుడు మెదడులో రక్తప్రసరణను స్పెక్ట్ స్కానింగుతో పోల్చారు. భాషల వేళ నుదుటి వెనకనుండే ముందుభాగంలో, అంటే మనం కావాలని చేసే పనులను అదుపు చేసే ప్రాంతంలో, చురుకుదనం తగ్గింది. అదే బృందం అంతకుముందు పరిశీలించిన బౌద్ధ ధ్యాన సాధకుల్లోనూ, ఫ్రాన్సిస్కన్ సన్యాసినుల్లోనూ ఆ భాగం చురుకుదనం పెరిగింది. ‘నేను మాట్లాడటం లేదు, నాలోంచి మాట వస్తోంది’ అని విశ్వాసులు చెప్పే అనుభవానికి ఇది సరిపోతుంది. అయిదుగురితో చేసిన అధ్యయనం మీద పెద్ద కట్టడాలు లేపకూడదు. స్కానింగు యంత్రం చూపేది రక్తం ఎక్కడ పారుతోందో అంతవరకే. ఆ మాటకు మూలం ఎవరన్నది దానికి అందే సంగతి కాదు.

అర్థం చెప్పే వరం విషయంలో మాత్రం ఫలితం సూటిగా ఉంది. మనస్తత్వవేత్త జాన్ కిల్డాల్ ఒకే రికార్డింగును వేర్వేరు అర్థకర్తలకు వినిపిస్తే వేర్వేరు అర్థాలు చెప్పారు. దేవుడు ఒకే ప్రార్థనకు వేర్వేరు భావాలు వెల్లడించవచ్చని వారి జవాబు. నిఘంటువులో ఒక మాటకు ఒక అర్థం ఉన్నట్టు ఇక్కడ లేదని అర్థకర్తలే ఒప్పుకున్నట్టయింది.

పూనకం కాదు

తెలుగువారు అన్యభాషలను మొదటిసారి చూసినప్పుడు తరచూ ‘పూనకం’ అంటారు. రెండూ ఒకటి కావు. బోనాల వేళ సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడిలో జరిగే రంగంలో పచ్చికుండ మీద నిలబడిన స్త్రీ నోట అమ్మవారు భవిష్యవాణి చెబుతుందని భక్తుల నమ్మకం. ఆ మాట తెలుగులో ఉంటుంది, జనం విని తిరిగి ప్రశ్నలు అడుగుతారు. అక్కడ దైవం మనిషి నోటితో మనుషులకు చెబుతోంది. అన్యభాషల్లో మాట వెళ్లే దిశ వేరు: మనిషి దేవుడికి చెప్పుకుంటోంది, పక్కవారికి అది తెలియనక్కరలేదు. రంగంతో పోల్చదగింది పెంతెకొస్తు కూడికలో ఏదైనా ఉంటే అది ప్రవచనం. అదీ అర్థమయ్యే భాషలోనే వస్తుంది.

ఈ దిశను గమనిస్తే విశ్వాసులు భాషలకిచ్చే అర్థం విప్పుకుంటుంది. మాట్లాడేవారిని అడిగితే వాక్యార్థం గురించి ఎవరూ చెప్పరు. ‘ఏం అడగాలో తెలియనప్పుడు భాషల్లో ప్రార్థిస్తాను’ అంటారు. కడుపులో కణితి ఉందని రిపోర్టు వచ్చిన రాత్రి, కొడుకు ఫోను ఎత్తని నెల, సొంతభాషలో మాట కరువైన వేళ, గొంతు మాత్రం మిగులుతుంది. రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఆత్మ ఉచ్చరింపశక్యం కాని మూలుగులతో విజ్ఞాపన చేస్తుందన్న పౌలు భావాన్ని వారు దీనికి ఆధారంగా చూపుతారు. భాషావేత్త అర్థం లేదన్నాడు, విశ్వాసి అర్థం ఉందంటోంది. ఇద్దరూ ఒకే వస్తువు గురించి మాట్లాడటం లేదు. సమరిన్ వెతికింది పలుకులోని అర్థం. విశ్వాసి చెప్పేది ఆ పలుకు ఎవరి ముందు పలికిందో అందులోని అర్థం. గార్ కలకత్తాలో ఒకటి పోగొట్టుకుని నిలుపుకున్నది ఈ రెండోదాన్నే.

వలస వెళ్లిన చోట ఇది మరింత స్పష్టమవుతుంది. అమెరికాలో 2010–2017 మధ్య అన్నిటికంటే వేగంగా, 86 శాతం పెరిగిన భాష తెలుగు. ఎడిసన్ పరిసరాల తెలుగు క్రైస్తవుల్లో పెద్దవారు తెలుగులో, పిల్లలు ఇంగ్లిషులో ప్రార్థిస్తారు. అమ్మమ్మ తెలుగు ప్రార్థన మనవరాలికి సగమే అందుతుంది, మనవరాలి ఇంగ్లిషు అమ్మమ్మకు ఆ మాత్రమూ అందదు. భాషల్లో ప్రార్థించేటప్పుడు మాత్రం ఇద్దరికీ అందేదీ అందనిదీ సమానమే. వారాంతాల్లో ఇళ్లలో కూడినప్పుడు అందరూ ఒకేసారి గొంతెత్తుతారు. వారం మధ్యలో జూమ్ మీద, ఫోను లైన్ల మీద ప్రార్థన పెట్టుకుంటే అది కుదరదు. ఇరవైమంది ఒకేసారి పలికితే యంత్రం ఎవరి గొంతూ సరిగా వినిపించదు, అందుకని ఒకరు ప్రార్థిస్తుంటే మిగతావారు మైకులు మూసుకుంటారు. కొరింథువారికి పౌలు పెట్టిన ఒకరి తర్వాత ఒకరన్న నియమం అక్కడ దానంతట అదే అమలవుతుంది. మూసిన మైకుల వెనక, ఎవరి వంటింట్లో వారు, భాషల్లోనో తెలుగులోనో తమ ప్రార్థన కొనసాగిస్తూనే ఉంటారు.